పచ్చి మోసం కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది

పరిశోధనల్లో దొంగ లెక్కలు ఎంతవరకు ఉంటాయి, అసలు పేపర్లను నమ్మొచ్చా అని అడిగారు. నేను చాలాకాలం పరిశోధనా బృందాలకు స్టాటిస్టిక్స్ పని చేసిపెట్టాను. అక్కడ చూసింది చెబుతాను.

పచ్చి మోసం ఉంది. డచ్ సైకాలజిస్టు డీడెరిక్ స్టాపెల్, చేయని ప్రయోగాలకు డేటా తనే సృష్టించుకున్నాడు. 2011లో బయటపడ్డాక 50కి పైగా పేపర్లు రద్దయ్యాయి. అమెరికాలోని పరిశోధనా సంస్థ బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త యాన్ హెండ్రిక్ షోన్ 2002లో దొరికిపోయాడు. వేరువేరు ప్రయోగాలవని చూపించిన గ్రాఫుల్లో, యాదృచ్ఛికంగా రావాల్సిన చిన్నచిన్న ఒడుదొడుకులు కూడా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి.

కానీ నేను కళ్లారా చూసింది ఇలాంటిది కాదు. ఒకచోట మందు తీసుకున్నవాళ్లను, తీసుకోనివాళ్లను పోల్చి చూస్తున్నాం. పి-వాల్యూ, అంటే మందు ప్రభావం ఏమీ లేకపోయినా యాదృచ్ఛికంగానే ఇంత తేడా కనిపించే అవకాశం, 0.08 వచ్చింది. 0.05 కంటే తగ్గితేనే ఫలితం ఉన్నట్టు లెక్క. బృందం పెద్దాయన స్క్రీన్ మీద గ్రాఫ్ చూసి, మిగతావాటికి దూరంగా ఉన్న రెండు చుక్కల మీద వేలు పెట్టారు. "ఇవేవో తేడాగా ఉన్నాయి, శాంపిల్ పాడై ఉంటుంది. తీసేసి మళ్లీ రన్ చేయండి" అన్నారు. నిజంగానే పాడై ఉండొచ్చు. అయితే మందు తీసుకోని గ్రూపులో అంతకంటే దూరంగా ఇంకో చుక్క ఉంది. అది మాకు అనుకూలంగా ఉంది కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు. "తీసేస్తే మూడూ తీసేద్దాం సార్, లేదంటే మూడూ ఉంచుదాం" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు, ఆ మందు పనిచేస్తుందని మనస్ఫూర్తిగా నమ్మారు. నాకు భయం వేసేది అక్కడే. దొంగకి తాను దొంగ అని తెలుసు. నమ్మకంతో కళ్లు మూసుకుపోయినవాళ్లకు ఆ సంగతే తెలియదు.

చివరికి అన్నీ ఉంచే రాశాం. స్పష్టమైన ఫలితం లేదని జర్నల్ తిప్పి పంపింది.

ఇలా తిరిగొచ్చినవి, అసలు పంపనివి ఏమవుతాయో 2008లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. డిప్రెషన్ మందుల మీద, అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 ట్రయల్స్‌ను (మనుషుల మీద చేసే మందు పరీక్షలను) వాళ్లు వెతికారు. ఎఫ్‌డీఏ లెక్కలో అనుకూలంగా వచ్చినవి 38, వాటిలో 37 అచ్చయ్యాయి. మిగతా 36లో 22 అచ్చే కాలేదు. 11 మాత్రం ఫలితం బాగానే ఉందనిపించేలా అచ్చయ్యాయి. జర్నళ్లు చదివే డాక్టరుకు 51 ట్రయల్స్‌లో 48 అనుకూలంగా కనిపిస్తాయి. నిజానికి అనుకూలంగా వచ్చినవి 74లో 38, దాదాపు సగానికి సగం. ఆ డాక్టరు రాసే మందు వేసుకునేది రోగి కదా!

కాబట్టి ఒక్క పేపర్ చూసి దేన్నీ నమ్మకండి. అదే ఫలితం ఇంకో బృందానికి వచ్చిందా అన్నది ముందు చూడండి. 2015లో 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే నిలబడ్డాయి. నిలబడనివన్నీ మోసాలని కాదు.

డబ్బు ఎవరిచ్చారో కూడా చూడండి, పేపర్ చివర్లో ఉంటుంది. మందుల ట్రయల్ అయితే రిజిస్ట్రీలో, అంటే ట్రయల్స్ వివరాలు నమోదు చేసే వెబ్‌సైటులో, దాని పేజీ తెరవండి. మొదట ఏం కొలుస్తామన్నారో, పేపర్లో ఏం కొలిచామంటున్నారో పక్కపక్కన పెట్టి చదవండి. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ అనే అమెరికా రిజిస్ట్రీలో ఆ పేజీ పాత వెర్షన్లు కూడా దొరుకుతాయి. ముఖ్యమైన కొలత మధ్యలో మారిందంటే, ఆ మార్పు డేటా చేతికి రాకముందు జరిగిందా, వచ్చాక జరిగిందా అని తేదీలు చూసుకోండి.