పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ: స్పీడ్ కంటే ముందు స్లాట్ చూడండి

మీ ల్యాప్‌టాప్‌కి పదేళ్లు, 4 జీబీ ర్యామ్, ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికే నాలుగు నిమిషాలు. ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టే, చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) వేద్దామంటే, పాత పద్ధతిలో నడిచే సాటా రకం కొనాలా, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకం కొనాలా, అసలు దీని మీద డబ్బు పెట్టడం దండగా అని కదా మీ ప్రశ్న. దండగేం కాదు. నాలాగా తొందరపడి కొనకండి, అంతే.

నాదీ ఇంచుమించు అదే వయసు మెషీన్. వెనక మూత విప్పితే ఎం.2 స్లాట్ (సన్నటి కార్డులాంటి డ్రైవ్ దూర్చే చోటు) కనిపించింది. ఇంకేముంది, డబ్బా మీద సెకనుకి 3,500 ఎంబీ అని రాసి ఉన్న ఎన్‌వీఎంఈ తెచ్చేశాను. చక్కగా దూరింది, స్క్రూ కూడా బిగిసింది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే, మెషీన్ సెట్టింగులుండే ప్రోగ్రామ్) మాత్రం దాని జాడే లేదు. మూడుసార్లు ఊడదీసి పెట్టాను, బయోస్ అప్‌డేట్ చేశాను, పాడైన పీస్ అంటగట్టారని అమ్మినవాళ్లని తిట్టుకున్నాను. చివరికి సర్వీస్ మాన్యువల్‌లో ఒక్క లైను దొరికింది: ఆ స్లాట్ సాటా రకానికి మాత్రమే. పప్పులో కాలేసింది నేనే. ఎం.2 అన్నది ఆకారం పేరు. అందులో నడిచేది సాటానా, ఎన్‌వీఎంఈనా అన్నది బోర్డుని బట్టి ఉంటుంది. పట్టింది కదా అని పనిచేస్తుందనుకోకూడదు. ఒకవేళ పనిచేసినా, పాత బయోస్‌లు కొన్ని ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావు.

అది వెనక్కిచ్చి, మామూలు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టాను. బూట్ అరనిమిషం లోపే. సాటా ఇచ్చే సెకనుకి 550 ఎంబీ ఎక్కడ, ఆ ఎన్‌వీఎంఈ 3,500 ఎక్కడ అని మీకు అనిపించవచ్చు. కానీ మన ల్యాప్‌టాప్‌ని ఏడిపించేది ఆ అంకె కాదు. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే డిస్క్‌కి ఒక్క చుట్టుకే 11 మిల్లీసెకన్లు పడుతుంది. పైగా ప్రతి చిన్న ఫైలుకీ డేటా చదివే హెడ్ అటూ ఇటూ జరగాలి. విండోస్ లేచేటప్పుడు అలాంటి చిన్న ఫైళ్లు వేలల్లో చదువుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి ఆ ఎదురుచూపు మొత్తం పోతుంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే వచ్చే తేడా, పెద్ద వీడియో ఫైళ్లతో పని ఉంటే తప్ప, కంటికి ఆనదు.

కొనేటప్పుడు టీఎల్‌సీ రకం (ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచేది), వీలైతే డీర్యామ్ (ఏ డేటా ఎక్కడుందో గుర్తుపెట్టుకునే సొంత మెమరీ) ఉన్నది చూడండి. డీర్యామ్ లేని ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు ల్యాప్‌టాప్ ర్యామ్‌లో కాస్త అప్పు తీసుకుని నెట్టుకొస్తాయి. సాటాకి ఆ సదుపాయం లేదు. అందుకే మరీ చవకవి నిండేకొద్దీ నత్తనడక నడుస్తాయి. సైజు 512 జీబీ తీసుకోండి. 256 సరిపోతుందని మొదలుపెట్టి ఏడాది తిరిగేసరికి ఫొటోలు డిలీట్ చేస్తూ కూర్చున్నవాణ్ణి నేను.

డీవీడీ డ్రైవ్ తీసేసి, ఆ ఖాళీలో క్యాడీతో (డీవీడీ డ్రైవ్ ఆకారంలో ఉండే చట్రం) ఎస్‌ఎస్‌డీ పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి. నేను అదీ చేసి చూశాను. డ్రైవ్ వివరాలు చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర సాటా/300 | సాటా/600 అని చూపించింది. అంటే డ్రైవ్‌కి సెకనుకి 600 ఎంబీ సత్తా ఉన్నా ఆ పోర్ట్ 300 దగ్గరే ఆగిపోయింది. అదే డ్రైవ్ హార్డ్ డిస్క్ అసలు స్థానంలో పెడితే రెండువైపులా 600. పాత హార్డ్ డిస్క్‌నే క్యాడీలోకి పంపండి.

బయోస్‌లో ఏహెచ్‌సీఐ మోడ్ (సాటా డ్రైవ్‌తో మాట్లాడే పద్ధతి) ఉందో లేదో చూసుకుని, విండోస్ కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తే పదేళ్ల చెత్త కూడా వెంటే వస్తుంది. ఇంత పాత ప్రాసెసర్లని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బ్రౌజర్, డాక్యుమెంట్లే మీ పనైతే విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ లైనక్స్ మింట్ ఒకసారి చూడండి. ర్యామ్ కూడా 8 జీబీ చేయండి. 4 జీబీతో నాలుగు ట్యాబ్‌లు తెరవగానే ఎస్‌ఎస్‌డీనే ర్యామ్‌గా వాడేసుకుంటుంది.

పాత డిస్క్‌ని ఓ నెల వరకూ ఫార్మాట్ చేయకండి, ఏదో ఒక ఫైలు మర్చిపోయే ఉంటారు. మోడల్ నంబర్ చెప్తే ఎం.2 స్లాట్ ఏ రకమో మాన్యువల్ చూసి చెప్తాను.