నూటయాభై ఆకుల ఆర్డరు, నిద్రపట్టని నాన్న

ఏలూరు దగ్గర నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. అమ్మాయి బి.కాం. మూడో సంవత్సరం. ఏడాదిగా శని, ఆదివారాలు వాళ్లమ్మతో కలిసి ఇంట్లోనే వండి ఇస్తోంది. పుట్టినరోజులకి పులిహోర, సత్యనారాయణ వ్రతాలకి ఇరవై ముప్ఫై మంది భోజనం, ఆ మాత్రమే. ఇప్పుడు మేనత్త భర్త షష్టిపూర్తికి నూటయాభై మంది వంట తనే చేస్తానని ఒప్పుకుంది. ఆ తర్వాత పది రోజులకి సెమిస్టరు పరీక్షలు. ఆయన అడిగిందిది: "ఈ పిచ్చి ఎక్కడిదాకా పోతుందో అర్థం కావట్లేదు. వంటే కావాలంటే ప్రైవేటు కాలేజీలో హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేర్పిస్తాను, లేదా క్లౌడ్ కిచెన్ పెట్టిస్తాను. రెంటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి. మా ఇంట్లో ఇంతవరకూ వంటవాళ్లెవరూ లేరు."

అయ్యా, చివరి వాక్యం నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఉత్తరమంతా రాయించింది ఆ వాక్యమే. మీ ఇంట్లో వంటవాళ్లు లేకపోవడమేమిటి, ఇన్నేళ్లూ మీరు తిన్నది ఎవరి చేతి వంట? మీ అమ్మగారు, మీ ఇల్లాలు జీతం లేకుండా వండారు. అమ్మాయి డబ్బులు తీసుకుని వండుతానంది. మీకు గుచ్చుకున్నది వంట కాదు, డబ్బులు. గోదావరి జిల్లాల్లో డొక్కా సీతమ్మ గారి పేరు చెబితే చేతులు జోడిస్తాం, బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టుకున్నాం. ఆవిడ అన్నం అమ్మలేదు, నిజమే. కానీ వందల మందికి వండటం చిన్నతనం కాదని మన జిల్లాకి ఒకరు వచ్చి చెప్పక్కర్లేదు కదా.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. అబ్బాయి గురించైతే "మావాడు కేటరింగ్ బిజినెస్ అంటున్నాడు" అని ఉంటుంది. అమ్మాయి గురించైతే "వంటపిచ్చి" అని ఉంటుంది. పెళ్లిళ్లలో గాడిపొయ్యి ముందు నిలబడే మాస్టర్లు దాదాపు అందరూ మగవాళ్లే. వాళ్లని మాస్టరు గారూ అంటాం.

ఇక లెక్కలోకి వద్దాం. ఉత్తరంతో పాటు మీ అమ్మాయి రాసిన కాగితం ఫొటో పంపారు. ఆకుకి 180 రూపాయలు, పచారీ సామాను, కూరగాయలు, పాలు, పెరుగు కలిపి 16,000. ఈ కాగితం మీ అక్కగారికి ఇవ్వకుండా జేబులో పెట్టుకున్నారని మీరే రాశారు. "మేనకోడలు వండిపెడితే డబ్బులేమిటి, పట్టుచీర పెడతాం" అని ఆవిడ అన్నారట, మీరు తలూపారట. అది మీరు చేసిన తప్పు. పిల్ల మొదటి పెద్ద ఆర్డరు ధర పిల్లని అడక్కుండా మీరు తేల్చేశారు.

ఆ కాగితంలో ఆకుకి 180 కూడా సరిపోదు. 150 ఆకులకి 27,000. సామాను పోను 11,000. ఇద్దరు సహాయకులకి రెండు రోజుల కూలి, రోజుకి 800 వేసుకున్నా 3,200. గుండిగలు, బాణళ్లు, పెద్ద గ్రైండరు, బల్లలు షామియానా సప్లయర్స్ దగ్గర అద్దెకి తెస్తే 2,500 అనుకుందాం. గ్యాసూ, ఆటోలూ 4,000. మిగిలింది 1,300. తల్లీ కూతురూ మూడు రోజులు నడుం విరగ్గొట్టుకున్నందుకు. పైగా వడ్డనవాళ్లని ఆ కాగితంలో వెయ్యనే లేదు. నలుగురికి 700 చొప్పున 2,800 ఇస్తే చేతినుంచి 1,500 పోతుంది. అదే 250 వేస్తే 37,500 వస్తుంది, ఖర్చులన్నీ పోను 9,000 మిగులుతుంది. బి.కాం. చదివే పిల్లకి పరీక్షకి ముందు ఇంతకంటే మంచి కాస్ట్ అకౌంటింగ్ పాఠం ఏ కాలేజీలో దొరుకుతుంది?

గ్యాసు అన్నాను కనక ఒక మాట. ఇంటి సిలిండరు 14.2 కిలోలది, అది వ్యాపారానికి వాడకూడదు. 19 కిలోల కమర్షియల్ సిలిండరే తెప్పించండి. ఎలాగూ ఇంటి పొయ్యి మీద పెద్ద గుండిగలో ఎసరు మరగదు. ఇరవైమందికి వండినవాళ్లు నూటయాభైమంది దగ్గర దెబ్బతినేది రుచిలో కాదు, ఇలాంటి చోట్ల. పదిమంది సాంబారుని పదిహేను రెట్లు చేస్తే చింతపండూ ఉప్పూ కారం అదే లెక్కన వెయ్యకూడదు, తక్కువ వేసి రుచి చూస్తూ పెంచుకోవాలి. పులిహోరకి అన్నం వార్చి వేడి తగ్గేదాకా నూనె, పసుపు పట్టించి పరిచి ఆరబెట్టకపోతే ముద్దవుతుంది. కిలో మినప్పప్పుకి యాభై అరవై గారెలు వస్తాయి, తలకి రెండంటే కనీసం ఐదారు కిలోల పప్పు. అది రుబ్బడానికి ఎవరు ఎన్నింటికి లేవాలో ముందే రాసుకోవాలి. అన్నానికి బియ్యం తలకి వంద గ్రాముల పైచిలుకు చూసుకుని పదిహేను, పదహారు కిలోలు. కానీ అంతా ఒకేసారి వండెయ్యరు. రెండో బంతి కూర్చున్నాక ఆఖరి ఎసరు పెట్టడం మాస్టర్లకి అలవాటు, అన్నం మిగిలి పారబొయ్యకుండా.

సలహా కోసం నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థిని గృహప్రవేశానికి వందమందికి వండింది. పూజ పన్నెండుకి అయిపోతుందనుకుంటే రెండైంది. కొబ్బరి పచ్చడి తెల్లవారుజామున రుబ్బేసింది, పొయ్యి పక్కన పెట్టింది. వడ్డించే వేళకి పులిసింది. తిట్లు పంతులుగారికి పడలేదు, ఆ పిల్లకే పడ్డాయి. మీ అమ్మాయికి నేను చెప్పేది ఒకటే: వేడిది 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లనిది 5 డిగ్రీల లోపు. మధ్యలో గంటల తరబడి ఉన్నదేదైనా అనుమానించాలి. చింతపండు పడింది కనక పులిహోర కొంత ఓర్చుకుంటుంది, కొబ్బరి ఓర్చుకోదు. ఒక థర్మామీటరు కొనివ్వండి, పెద్ద ఖరీదేం కాదు. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం అమ్మడానికి వండేవాళ్లు, ఇంట్లోంచైనా సరే, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ తీసుకోవాలి. తనకి ఏది వర్తిస్తుందో మీ జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారిని అడిగి, ఈ ఫంక్షన్‌కి ముందే ఆ పని చేయించండి.

ఇప్పుడు క్లౌడ్ కిచెన్, అంటే కూర్చుని తినే చోటు లేకుండా యాప్ ఆర్డర్లకి వండి పంపే వంటిల్లు. మీరు దీన్ని గౌరవంగా రాశారు, పేరులో ఇంగ్లీషు ఉంది కనక. లాక్‌డౌన్ తర్వాత రెండేళ్లు నేనూ ఈ సలహా ధారాళంగా ఇచ్చాను, అది చెప్పుకోవాలి. ఈ రోజు ఇవ్వను. యాప్‌లో ఆర్డరు వస్తే కమిషను, ప్యాకింగు, డిస్కౌంటు, ముందు వరసలో కనబడటానికి ప్రకటన డబ్బు, ఒక్కొక్కటీ ఒక్కొక్క చెంచా తీసుకుపోతుంది. గిన్నె అడుగున ఏం మిగిలిందో నెలాఖరుకి గానీ తెలియదు. అద్దె మాత్రం ఒకటో తారీకుకే తెలుస్తుంది. పైగా తిన్నవాళ్లెవరో మీకు తెలియదు. ఆ ఫోను నంబరు యాప్‌ది, మీ అమ్మాయిది కాదు. ఫంక్షన్ వంటలో అలా కాదు. మొదటి బంతి లేస్తూనే కనీసం నలుగురు "వంకాయ కూర ఎవరు చేశారండీ" అంటారు. ఆ నలుగురిలో ఒకరింట్లో వచ్చే నెల ఓణీల ఫంక్షను ఉంటుంది.

ఇంకొకటి. మీ అమ్మాయి చేతిలో ఉన్న విద్య ఆకు భోజనం. బూరె పగలగొట్టి నెయ్యి పోసుకునే తిండి అది. ప్లాస్టిక్ డబ్బాలో ముప్పావుగంట స్కూటరు మీద తిరిగొచ్చాక అది బూరె కాదు. క్లౌడ్ కిచెన్‌లో నిలబడేది బిర్యానీ, నూడుల్స్ లాంటి డబ్బాలో బతికే వంటకాలు. అంటే తనకి బాగా వచ్చినది వదిలేసి, ఊళ్లో వందమంది చేస్తున్నది చెయ్యమంటున్నారు. రీల్స్‌లో నెలకి లక్ష అని చెప్పేవాళ్లు మూతపడ్డ వంటిల్లు చూపించరు.

హోటల్ మేనేజ్‌మెంట్ గురించి క్లుప్తంగా. ప్రవేశ పరీక్ష వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నాను. అది ఇంటర్ తర్వాత చేరాల్సిన మూడేళ్ల డిగ్రీ. మూడో సంవత్సరంలో ఉన్న పిల్లని మళ్లీ మొదటికి తీసుకుపోవడమెందుకు? హోటళ్ల ఉద్యోగమే కావాలని అమ్మాయి అంటే అది వేరే మాట, అప్పుడు హైదరాబాద్, తిరుపతిల్లోని ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్లు చూడండి, లక్షల ఫీజు ప్రైవేటు కాలేజీ కాదు. వాళ్ల దగ్గరే పదో తరగతి అర్హతతో ఫుడ్ ప్రొడక్షన్ క్రాఫ్ట్ కోర్సులూ ఉంటాయి, డిగ్రీ అయ్యాక అది ఆలోచించొచ్చు. అందులో కత్తి పట్టడం, శుభ్రత, పెద్ద వంటగది నడపడం వస్తాయి. గోంగూర మాత్రం వాళ్లమ్మ దగ్గరే నేర్చుకోవాలి.

పోల్చి చెప్పమన్నారు, పూర్తిగా చెప్పలేదని నాకు తెలుసు. మీరు అడిగిన రెండూ తనకి తగినవి కావనిపించింది. మీ అమ్మాయి ఇప్పుడు చేస్తున్నదే, డిగ్రీతో పాటు నెలకి రెండు మూడు ఆర్డర్లు, ప్రస్తుతానికి సరైన దారి. కంగారుపడకండి. ఒక షష్టిపూర్తి వండినంత మాత్రాన పిల్ల బతుకు పొయ్యి దగ్గరే ఆగిపోదు. పదమూడు రకాల సామాను చీటీ రాసి, ధర కట్టి, కాగితం మీద పెట్టిన పిల్ల పరీక్షలు కూడా రాయగలదు. ఇష్టమైతే ఎం.కాం. చదువుతుంది, బ్యాంకు పరీక్షలు రాస్తుంది, వంట శనాదివారాల్లో ఉంటుంది.

ఇదే పూర్తి బతుకుతెరువు చేసుకోవాలనుకుంటే మాత్రం తొందర వద్దు, దానికి ఒక కారణం ఉంది. ఈ పని పంచాంగం మీద నడుస్తుంది. శ్రావణం, మాఘం, వైశాఖాల్లో ఊపిరాడదు. ఆషాఢం, పుష్యం ఖాళీ. మధ్యలో మూఢం వస్తే వారాల తరబడి ముహూర్తాలే ఉండవు. ఈఎంఐకి మూఢం లేదు. అందుకని ఒక పూర్తి ఏడాది లెక్క పుస్తకంలో రాసి చూసుకోమనండి, ఏ నెల ఎంత వచ్చిందో. ఖాళీ నెలల్లో ఏం చెయ్యాలన్నది అప్పుడు తెలుస్తుంది. ఆత్రేయపురంలో ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని చుట్టే పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. నిలవ ఉండే సరుకు ముహూర్తం కోసం ఎదురుచూడదు. సున్నుండలో, పొడులో, ఊరగాయలో తనకి ఏది కుదిరితే అది.

పరీక్షల సంగతి. ఫంక్షనుకి రెండు రోజుల ముందునుంచి చదువు సాగదు, ఒప్పుకోండి. మర్నాడు నిద్రపోనివ్వండి. ఆ తర్వాత ఎనిమిది రోజులుంటాయి. వంకాయలు ఏరడానికి, ఆటో మాట్లాడటానికి పిల్లని పంపకుండా మార్కెట్టుకి మీరు వెళ్లండి. అన్నట్టు వడ్డనవాళ్లని లెక్కపెట్టి నిలబెట్టడం కూడా మీరే తీసుకోండి, ఎవరి బంధువులు ఎక్కడ కూర్చున్నారో మీకే తెలుసు.

ఇంకా ముందు చెయ్యాల్సింది, మీ జేబులో ఉన్న ఆ పాత కాగితం చింపెయ్యండి. ఆకుకి 250 అని కొత్తది అమ్మాయి చేత రాయించి, కింద ఖర్చులన్నీ వరసగా వేయించి, మీ అక్కగారికి మీరే ఇవ్వండి. సగం అడ్వాన్సు అడగండి. పట్టుచీర పెడతానంటే పెట్టమనండి, అది వేరే లెక్క. ధర మాట మాత్రం అమ్మాయి చేత చెప్పించకండి.