పాత క్రోమ్ ప్లేటింగ్ షెడ్డు నేల: సున్నం కాదు, ముందు అన్నభేది

తొట్లు ఉన్నచోట నేల పసుపెక్కింది, ఓ అడుగు మట్టి తీసి సున్నం చల్లితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. పైగా సున్నం ముందు వేస్తే నష్టం. ఆ పసుపు హెక్సావలెంట్ క్రోమియం, అంటే నీళ్లలో కరిగే విషపు రూపం. నేలలో క్షారం పెరిగితే అది మట్టిని వదిలి నీళ్లతోపాటు బోరు దాకా పోతుంది. దాన్ని అన్నభేదితో (ఫెర్రస్ సల్ఫేట్) ట్రైవలెంట్‌గా, అంటే విషం బాగా తక్కువున్న రూపంగా, మార్చాకే సున్నం. ఆ రూపంలో అది నీళ్లలో దాదాపు కరగదు.

తొట్ల కింద, కాలువ వెంట, కడుగునీళ్ల గుంట దగ్గర 0.3, 0.6, 1, 2 మీటర్ల లోతుల్లో శాంపిళ్లు తీయండి. హెక్సావలెంట్ విడిగా కావాలని ల్యాబ్‌కు రాసివ్వండి. మొత్తం క్రోమియం అంకెతో అన్నభేది లెక్క తేలదు. ఎండాకాలంలో ఉప్పు పైకి పొంగి పసుపు తేలుతుంది, వానలకు మాయమవుతుంది. రంగు పోయిందని శుభ్రమైందనుకోవద్దు.

కిలో హెక్సావలెంట్‌కు 16 కిలోల అన్నభేది కావాలి. 100 చదరపు మీటర్లు, అర మీటరు లోతు అంటే సుమారు 80 టన్నుల మట్టి. కిలో మట్టికి 500 మిల్లీగ్రాములుంటే క్రోమియం 40 కిలోలు, అన్నభేది 640. గాలి కొంత తినేస్తుంది కాబట్టి రెట్టింపు పెట్టుకోండి. ముందు కిలో మట్టి చొప్పున డబ్బాల్లో 8, 16, 24 గ్రాములు కలిపి, వారం తర్వాత పరీక్షించి మోతాదు ఖాయం చేయండి. పచ్చని పలుకులే కొనండి. తుప్పురంగుకు తిరిగినది అప్పటికే చచ్చిన సరుకు.

అసలు తంటా కలపడంలోనే. నల్లరేగడి గడ్డల లోపలికి మందు దిగదు. మొదటి రిపోర్టు బాగుంటుంది, నెలకు లోపలిది మళ్లీ బయటికొస్తుంది. 20 సెంటీమీటర్ల పొరలుగా రోటవేటర్‌తో చిదిపి, తడిపి కలపండి. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు; మట్టి ఆరనివ్వద్దు, పనివాళ్లకు సరైన రెస్పిరేటర్, చేతులకు నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. తర్వాత పీహెచ్ 6 కిందికి పడితేనే కొద్దికొద్దిగా సున్నం. ఎక్కువైతే సల్ఫేటుతో, బంకమట్టితో కలిసి ఉబ్బి రేపటి ఫ్లోరింగ్‌ను పైకి లేపుతుంది. బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఆ చుట్టుపక్కలకు రానివ్వద్దు, మార్చిన క్రోమియాన్ని మళ్లీ విషం చేస్తుంది.

టీసీఎల్‌పీ పరీక్షలో, అంటే మట్టిలోంచి విషం ఎంత నీళ్లలోకి ఊరుతుందో చూసే ల్యాబ్ పరీక్షలో, క్రోమియం లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే అది ప్రమాదకర వ్యర్థం. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా తాకొద్దు. పంపాల్సింది ఫారం 10 మానిఫెస్టుతో (ప్రమాదకర వ్యర్థం రవాణా పత్రం), అనుమతి ఉన్న కేంద్రానికే. పగలగొట్టిన కాంక్రీటు కూడా క్రోమియం పీల్చుకునే ఉంటుంది, పునాది పూడ్చడానికి వాడొద్దు.

నెలకోసారి, మొదటి పెద్ద వానల తర్వాత ఇంకోసారి మట్టితోపాటు బోరు నీళ్లూ పరీక్షించండి. తాగేనీటికి మొత్తం క్రోమియం హద్దు లీటరుకు 0.05 మిల్లీగ్రాములు.