రెక్క మీద తెలుపున్న నల్లపిట్ట, తొర్ర ఉన్న చెట్టు

ప్రశ్న: మా గుంటడు జాంబియాలో పనిచేస్తున్నాడు. క్వార్టర్స్ వెనక చెట్ల మీద నల్లటి చిన్నపిట్ట తిరుగుతోందని, రెక్కల మీద తెల్లగా ఉందని ఫొటో పంపాడు. మన పెద్ద నలంచేనా అది?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: కాదమ్మా. మీ ఫొటోలో ఉన్నది సదరన్ బ్లాక్ టిట్, అందులోనూ మగది. శాస్త్రీయ నామం మెలానిపారస్ నైజర్. పొడవు 16 సెంటీమీటర్లు, బరువు 20 గ్రాములకు కాస్త అటూ ఇటూ. జాంబియా, జింబాబ్వే, మలావి, మొజాంబిక్, దక్షిణాఫ్రికా తూర్పు భాగాల్లోని పలచటి అడవుల్లో ఉంటుంది. ఆడది మసిబారిన బూడిద రంగు.

పెద్ద నలంచికి పొట్ట తెలుపు, తోక నిక్కబొడుచుకుని ఉంటుంది, నేల మీద గెంతుతూ ఏరుకు తింటుంది. దీనికి పొట్టా నలుపే, తెలుపంతా రెక్కలోనే. ముక్కు పొట్టిగా, గట్టిగా ఉంటుంది. రెమ్మ చివర తలకిందులుగా వేలాడుతూ ఆకుల అడుగున వెతుకుతుంది. ఆకుపురుగు దొరికిందా, కొమ్మ మీద పెట్టి కాలితో అదిమి పట్టి, ముక్కుతో టకటకా పొడిచి ముక్కలు చేసి తింటుంది. ఈ కాలితో అదమడం చూస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

అక్కడ మరో మూడు పిట్టలతో పొరబడుతుంటారు. తోక చీలి, ఒంటి మీద తెలుపే లేకుండా కొమ్మ మీద కదలక కూర్చుంటే అది మన పసులపోలిగాడి చుట్టం, ఫోర్క్ టెయిల్డ్ డ్రాంగో. రెక్కలో తెలుపుతోపాటు నెత్తి కూడా తెల్లగా ఉండి, పురుగు కోసం నేల మీదికి దూకితే ఆర్నాట్స్ చాట్ మగది. పొట్ట తెల్లగా, కన్ను పసుప్పచ్చగా, ఇంకా చిన్నదైతే చిన్‌స్పాట్ బాటిస్. దాని ఆడదానికి గొంతు మీద ఇటుకరంగు మచ్చ ఉంటుంది.

మీవాణ్ణి సెప్టెంబరు, అక్టోబరుల్లో తొర్రలు గమనించమనండి. మనకి వానలు తగ్గుముఖం పట్టే ఆ రోజుల్లో అక్కడ ఎండలు మండుతాయి. అయినా వాన పడకముందే అక్కడి మియోంబో అనే పలచటి అడవిలోని చెట్లు ఎర్రటి చిగురు వేస్తాయి. చిగురుతో పురుగూ వస్తుంది, పిల్లలకు మేత అదే. గుడ్లు సాధారణంగా మూడు నాలుగు. పొదిగేది తల్లి ఒక్కతే, సుమారు 15 రోజులు. మేత తేవడానికి మాత్రం అమ్మానాన్నలతో పాటు గుంపులోని ఇతర పిట్టలు, ఎక్కువగా మగవి, సాయపడతాయి. ఎంత సాయమొచ్చినా తొర్ర ఉన్న చెట్టు లేకపోతే దీనికి సంసారం లేదు.

ప్రశ్న: ఆ జాతి మన దగ్గర ఉందా? పంజరంలో పెంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పార్వతీపురం

జవాబు: అదే కుటుంబంలోని సినీరియస్ టిట్ మీ మన్యంలోనే ఉంది. నల్లటి తల, తెల్లటి బుగ్గలు, బూడిదరంగు వీపు, పొట్ట మీద నిలువుగా నల్లచార. పెంచకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవిపిట్టల్ని పట్టడం, పంజరంలో ఉంచడం నేరం.

ప్రశ్న: 2018లో తిత్లీ తుపానుకి మా ఉద్దానంలో పాత జీడిచెట్లు పడిపోయాయి. ఇప్పుడున్నవన్నీ కుర్రమొక్కలు. పిట్టలకి పెట్టెలు కడితే వస్తాయా?
– ఒక జీడి రైతు, వజ్రపుకొత్తూరు మండలం

జవాబు: వస్తాయి. కానీ ముందు ఒక మాట: తోటలో ఎండిన కొబ్బరి మోడు ఒక్కటైనా నిలబడి ఉంటే, ఇంటికీ దారికీ దూరంగా ఉంటే, దయచేసి కొట్టేయకండి. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన తొర్రలో తర్వాత ఇలాంటి చిన్నపిట్టలు చేరతాయి. పెట్టె దాని తర్వాతే.

సినీరియస్ టిట్ కోసమైతే 18 నుంచి 20 మిల్లీమీటర్ల మందం మామిడి చెక్క తీసుకోండి. లోపల అడుగు 12×12 సెంటీమీటర్లు, ఎత్తు 25. ముందు పలకకి 30 మిల్లీమీటర్ల గుండ్రటి కన్నం, దాని కింది అంచు అడుగు నుంచి 15 సెంటీమీటర్ల పైన ఉండాలి. కన్నం పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి. అడుగున నాలుగు మూలలా 6 మిల్లీమీటర్ల బెజ్జాలు వేయకపోతే మన వానలకి గూడు నాని పిల్లలు చస్తాయి. పైకప్పు వాలుగా ఉండి, ముందుకి 5 సెంటీమీటర్లు పొడుచుకురావాలి. రేకు వద్దు, ఏప్రిల్ ఎండకి లోపల ఉడికిపోతుంది.

ముందు పలకకి లోపలి వైపు చిత్రిక పట్టకండి, రంగు వేయకండి. గరుకుగా ఉంటేనే పిల్లలు గోళ్లతో పట్టుకుని కన్నం దాకా ఎక్కగలవు. నున్నగా ఉంటే రంపంతో అడ్డంగా గాట్లు పెట్టండి. కన్నం కింద వాలడానికి పుల్ల పెట్టొద్దు. ఈ పిట్టకి అవసరం లేదు, ఉడుతకీ కాకికీ పట్టు దొరుకుతుంది.

జనవరిలోనే రెండున్నర, మూడు మీటర్ల ఎత్తున, ముఖం తూర్పుకో ఉత్తరానికో ఉండేలా కట్టండి. మేకులు వద్దు, పాత సైకిల్ ట్యూబులో తీగ దూర్చి బిగిస్తే చెట్టు బెరడు కోసుకుపోదు. ఏటా వదులు చేయాలి. ఎర్రచీమల గూళ్లున్న జీడిచెట్టుకి మాత్రం వద్దు, అవి పిల్లల్ని బతకనీయవు. జీడి చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే పురుగుకి మందు కొట్టే వరసలకీ దూరంగా ఉంచండి. మందుకి ఆకుపురుగులు చస్తే పెట్టెలో పిల్లలు ఆకలికి పోతాయి.

పెద్ద నలంచికి ఈ కన్నం చాలదు. దానికి ముందు పలక సగమే ఉన్న పెట్టె కావాలి. ఏదైనా సరే, పిల్లలు ఎగిరిపోయి గూడు ఖాళీ అయ్యాకే మూత తీసి, పాత గడ్డి పారేసి, మరిగే నీళ్లు పోసి ఎండబెట్టండి.