హెడర్స్ సంగతి తర్వాత, ముందు ఆ 60 రోజుల సంగతి చూడండి

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే ఒక పాఠకుడి ప్రశ్న ఇది. 1929 ఫోర్డ్ మోడల్ ఏ బాడీలో షెవీ (షెవ్రొలే) 350 ఇంజిన్ దించిన హాట్ రాడ్, అంటే పాత కారుకి వేరే ఇంజిన్ వేసి కట్టిన బండి ఒకటి, పని సగంలో ఉండగా సేవింగ్స్‌లోంచి 17,000 డాలర్లు పెట్టి కొన్నారట. ఇప్పుడు ఎగ్జాస్ట్, అంటే ఇంజిన్ పొగ బయటికి పోయే పైపుల పని మిగిలింది. ఇంజిన్‌కి బిగించి పొగని బయటికి తీసే స్టెయిన్‌లెస్ పైపుల సెట్టు, అదే హెడర్స్, 1,100, పైపులూ మఫ్లర్లూ వెల్డింగూ కలిపితే 3,000 దాకా. స్టోర్ కార్డు మీద 12 నెలలు వడ్డీ లేదంటున్నారు, అది తీసుకోనా, 401కె (కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) మీద లోన్ పెట్టనా అని అడుగుతున్నారు. ఆయన హెచ్-1బి మీద ఉన్నారు, భార్యకు ఉద్యోగం లేదు, నాలుగేళ్ల బాబు. నెల ఖర్చు 4,800, హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐ ఇంకో 600. నెలకు 900 మిగులుతుంది. బ్యాంకులో 6,200 ఉంది.

ఈ ప్రశ్నకు ఎందుకు జవాబిస్తున్నానంటే, ఇందులో కారు తీసేసి శంకర్‌పల్లిలో ప్లాటు అని రాస్తే నాకొచ్చే చాలా ఎన్నారై ఉత్తరాలు ఇలాగే ఉంటాయి.

నెలకు 5,400 ఖర్చు, చేతిలో 6,200. అంటే జీతం ఆగితే మీరు నిలబడేది ఒక నెలా నాలుగు రోజులు. ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్లకు ఉండేది మహా అయితే 60 రోజులు, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకుముందే ముగిస్తే అదీ ఉండదు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. సర్దుకోవాలన్నా ముగ్గురికి టికెట్లు, లీజ్ మధ్యలో వదిలినందుకు ఫీజు ఉంటాయి కదా! హెల్త్ ఇన్సూరెన్స్‌ని కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా కంపెనీ పాలసీ కొనసాగించుకునే చట్టం) కింద ఉంచుకుంటే కంపెనీ వాటా కూడా మీ నెత్తినే, ప్రీమియంలో 102 శాతం దాకా. హైదరాబాద్ బ్యాంకు మాత్రం మీ లేఆఫ్‌తో సంబంధం లేకుండా ఈఎంఐ లాగేస్తుంది. ఇంత ఉండి 17,000 ఒకేసారి కారులో పోశారు, సరే, అయిపోయింది. ఇక దానిమీద అప్పు కూడానా?

401కె లోన్ ఉద్యోగం ఉన్నంతకాలం నొప్పి తెలియదు, జీతంలోంచి పోతుంటుంది. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో బాకీ మొత్తం కట్టమంటారు. కట్టలేకపోతే, ఆ మొత్తాన్ని ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా ఐఆర్ఏలో, అంటే మీ సొంత రిటైర్మెంట్ ఖాతాలో వేసుకోవాలి. అదీ చేయకపోతే విత్‌డ్రాయల్ కింద లెక్కేసి పన్ను వేస్తారు, 59½ ఏళ్లు నిండనివాళ్లకు పైన 10 శాతం పెనాల్టీ. చేతిలో డబ్బు లేని సమయంలోనే ఇదంతా మీద పడుతుంది. స్టోర్ కార్డు ఇంకా నయమనుకుంటున్నారేమో, ఆ ఆఫర్లలో చాలావరకు వడ్డీ వాయిదా వేస్తారే గానీ మాఫీ చేయరు. 12 నెలలు అయ్యేసరికి 50 డాలర్లు బాకీ ఉన్నా కొన్న రోజు నుంచి లెక్కగట్టి వడ్డీ బాదుతారు. రెండూ వద్దు, మళ్లీ అడక్కండి.

నెలకు మిగిలే ఆ 900 కదలకుండా విడిగా సేవింగ్స్ ఖాతాలో వేయండి. ముందు 15,000 చేరాలి, అంటే రెండు నెలల ఖర్చు, టికెట్లు, లీజ్ ఫీజు. పది నెలలు పడుతుంది. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చు, 32,400, దాకా వెళ్లాలి, కానీ 15,000 దాటాక నెలకు 200 కారుకి తీసుకుంటే నేనేమీ అనను. కంపెనీ ఇచ్చే లైఫ్ కవర్ ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి సొంత టర్మ్ పాలసీ లేకపోతే అది కూడా ఈ నెలే.

ఇక హెడర్స్. వీధిలో తిప్పే మామూలు 350కి స్టెయిన్‌లెస్ ఎందుకో నాకు అర్థం కాలేదు. హెడర్స్ బదులు వాడే రామ్స్ హార్న్ అనే పాత షెవీ క్యాస్ట్ ఐరన్ మానిఫోల్డ్స్ ఇంజిన్ బ్లాకుని అంటుకుని ఉంటాయి, ఇరుకు ఫ్రేమ్‌లో పడతాయి, గ్యాస్కెట్ లీకుల గొడవ తక్కువ. స్వాప్ మీట్‌లో (పాత కార్ల విడిభాగాల సంతలో) పాతవి దొరుకుతాయి, పగుళ్లు చూసుకుని, ఇంజిన్‌కి బిగించే అంచు, అదే ఫ్లాంజ్, మీద స్కేలు పెట్టి వంకర ఉందేమో చూసి కొనండి. హెడర్సే కావాలంటే బ్లాక్ హగ్గర్ (ఇంజిన్‌కి దగ్గరగా హత్తుకుని ఉండే) రకం, మైల్డ్ స్టీల్, సిరామిక్ కోటింగ్, 1 5/8 అంగుళాల ట్యూబు, 3/8 అంగుళం మందం ఫ్లాంజ్ చాలు. ఉత్త పెయింట్ వేసినవి వేడికి మాడి తుప్పు పడతాయి, వాటికి వేడిని ఆపే పట్టీ (ర్యాప్) చుడితే తేమ పట్టి ఇంకా తొందరగా పోతాయి. ఏది కొన్నా ముందు స్టీరింగ్ షాఫ్ట్, స్టార్టర్ దగ్గర సందు కొలవండి, ఇంజిన్ హెడ్స్‌లో స్పార్క్ ప్లగ్స్ స్ట్రెయిట్‌గా ఉన్నాయా, యాంగిల్‌లో వాలి ఉన్నాయా చూడండి, లేకపోతే తిప్పి పంపడానికి షిప్పింగ్ దండగ.

కారు ఇన్సూరెన్స్ మామూలు పాలసీ కాకుండా ఒప్పుకున్న విలువ ఇచ్చే కలెక్టర్ పాలసీ అడగండి.

పది నెలలు ఆగలేనంటే కారు అమ్మేయండి, సగంలో ఉన్న బండికి పెట్టింది రాదని తెలిసే అమ్మండి. ఆగగలిగితే మాత్రం ఏప్రిల్‌లో ఫోర్ట్‌వర్త్ దగ్గర టెక్సాస్ మోటార్ స్పీడ్‌వేలో జరిగే పేట్ స్వాప్ మీట్‌కి వెళ్లండి, జేబులో క్యాష్ పెట్టుకుని, కార్డులు ఇంట్లో వదిలేసి.