టార్క్ సరే, టైరు పట్టాలి కదా

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను సార్. ఎప్పటినుంచో మోజుపడి 1970 బ్యూయిక్ జీఎస్ స్టేజ్ 1 కారు కొన్నాను. 455 క్యూబిక్ అంగుళాల ఇంజన్, ఆటోమేటిక్, వెనక ఇరుసు గేర్ నిష్పత్తి 3.64, ఇంజన్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. డ్రాగ్ స్ట్రిప్‌లో, అంటే తిన్నటి రేస్ ట్రాక్ మీద, క్వార్టర్ మైలు 14.2 సెకన్లు వస్తోంది, గీత దాటేటప్పుడు స్పీడు 104 మైళ్లు. పెద్ద క్యామ్ (ఇంజన్ వాల్వులు తెరిచే షాఫ్ట్), 4.56 గేర్ వేయించమని ఫ్రెండ్స్ ఒకటే పోరు. వేయించనా?

జవాబు: ఆగండి, ఆ డబ్బు జేబులోనే ఉండనివ్వండి. మీరు పంపిన టైమ్ స్లిప్‌లో, అదే స్ట్రిప్ వాళ్లిచ్చే టైమింగుల చీటీలో, ఇంకో అంకె ఉంది, దాని ఊసే ఎత్తలేదు మీరు: మొదటి 60 అడుగులకు 2.5 సెకన్లు! చివర్లో 104 మైళ్లు వచ్చిందంటే ఇంజన్ నిక్షేపంగా ఉన్నట్టే, ఈ మోడల్ కొత్తలో పత్రికలవాళ్లు పరీక్షించినప్పుడు 105 మైళ్లు, 13.4 సెకన్లే వచ్చాయి. మీ టైమంతా లైటు పడ్డచోటే పొగైపోతోంది.

ఎందుకు పోదు చెప్పండి, 2,800 ఆర్‌పీఎం దగ్గరే 510 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం), అంటే 690 న్యూటన్ మీటర్లు, ఇక్కడ ఇండియాలో మనం నడిపే 1.2 లీటర్ల స్విఫ్ట్‌కి సుమారు 113! అంత ఊపు మామూలు రోడ్డు టైర్ల మీద పడితే అవి అక్కడే గిరగిరా తిరుగుతాయి. ముందు డ్రాగ్ రేడియల్స్, అంటే బాగా పట్టే మెత్తటి రబ్బరు రేస్ టైర్లు, వేయించండి. వెనక ఇరుసుని పట్టుకునే కింది కంట్రోల్ ఆర్మ్స్ బాక్స్ చేసినవి (నాలుగు వైపులా మూసి గట్టిపరిచినవి) పెట్టించి, కుడివైపు కాయిల్ స్ప్రింగ్‌లో ఎయిర్ బ్యాగ్ పెట్టండి, ఎందుకంటే డ్రైవ్‌షాఫ్ట్ మెలితిప్పుడికి వెనక కుడి చక్రం తేలిపోవాలని చూస్తుంది. 60 అడుగుల్లో 0.1 సెకను తగ్గితే చివర్లో దాదాపు 0.15 సెకను తగ్గుతుందని స్ట్రిప్ మీద అందరూ చెప్పే లెక్క.

గేర్ సంగతి: 28 అంగుళాల టైరుతో 104 మైళ్ల దగ్గర 3.64కి ఇంజన్ సుమారు 4,550 తిరుగుతుంది, కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ పని చేసేది) జారేది కలిపితే ఇంకాస్త ఎక్కువ. ఈ ఇంజన్ పూర్తి పవరిచ్చేది 4,600 దగ్గర, ఇంకేం కావాలి? 4.56 పెడితే 5,700 దాటుతుంది, అక్కడ ఊపిరి ఉండదు, పైగా నూనె కష్టం మొదలవుతుంది.

అసలు భయం ఆ నూనెదే. బ్యూయిక్‌లో ఆయిల్ పంపు ముందున్న అల్యూమినియం టైమింగ్ కవర్‌లోనే ఉంటుంది, యాభై ఏళ్లలో ఆ గది అరిగి ప్రెషర్ పడిపోతుంది, పంపులోని గేర్లు మాత్రం మార్చేసి ఊరుకునే మెకానిక్ దొరికాడో, బేరింగులు గోవిందా. నాదీ ఒకటి అలాగే పోయింది, ఆ బిల్లు మా ఆవిడకి ఇప్పటికీ గుర్తే. ఇంజన్ బాగా వేడెక్కాక ప్రెషర్ మీటర్ చూడండి, తక్కువుంటే కవర్ విప్పించి ఆ గది కొలిపించండి. ఎడమవైపు ఇంజన్ మౌంటు చినిగిందేమో కూడా చూడండి, యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజన్ లేచేది ఆ వైపే.

60 అడుగులు 2 సెకన్ల లోపలికొచ్చాక మళ్లీ స్లిప్ పంపండి, క్యామ్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.