డ్రాకులా సినిమాల్లో ప్రాతినిధ్యం గొడవ ఎందుకు? భయపెడితే చాలదా?

భయపెడితే చాలని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ అభిప్రాయం మారింది 2025 వేసవిలో, బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల అద్దె ఇంటి కోసం తిరుగుతున్నప్పుడు.

ఒక ఇంటి యజమాని గ్రిల్ గేటు తాళం తీయకుండానే, కమ్మీల సందులోంచి ప్రశ్నలు మొదలుపెట్టారు. ఏ ఊరు, ఏం ఉద్యోగం, మాంసం వండుతారా. ఆయనా తెలుగువారే కాబట్టి ఆఖరున ఇంటిపేరు అడిగారు. ఎందుకో మనవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. 'ఇంట్లో ఒక మాట అడిగి ఫోను చేస్తాను' అన్నారు. ఆ ఫోను ఇంకా రాలేదు.

ఆ ఆదివారమే 'సిన్నర్స్' అనే హాలీవుడ్ రక్తపిశాచుల సినిమా చూశాను. 1932 నాటి మిసిసిపీ, నల్లవాళ్లను వేరుగా ఉంచిన అమెరికా దక్షిణాది రాష్ట్రం. నల్లజాతి కవలలిద్దరు పాత మిల్లు కొని, తమవాళ్లు పాడుకోవడానికి, ఆడుకోవడానికి ఒక హాలు తెరుస్తారు. రాత్రికి రక్తపిశాచులు గుమ్మం ముందు నిలబడి, లోపలికి రమ్మనండి అని మర్యాదగా అడుగుతాయి. పిలవనిదే గడప దాటలేకపోవడం కొత్త నియమమేమీ కాదు, 1897 నాటి 'డ్రాకులా' నవలలోనే ఉంది. అయితే ఊళ్లో ఏ గుమ్మమూ తమది కాని మనుషులు, తమకంటూ ఉన్న ఒక్క గుమ్మాన్ని కాపాడుకుంటుంటే ఆ పాత నియమమే నా ఊపిరి బిగబట్టించింది. గేటు బయట నిలబడి వచ్చినవాణ్ని, అక్కడ మాత్రం లోపలివాళ్ల పక్షాన 'పిలవకండి, పిలవకండి' అనుకుంటూ కూర్చున్నాను.

అందులో ఒక చైనా కుటుంబానికి కిరాణా కొట్లున్నాయి. వీధికి అటొకటి, ఇటొకటి: ఒకటి నల్లవాళ్లకు, ఒకటి తెల్లవాళ్లకు. వాళ్ల అమ్మాయి వీధి దాటుతుంటే కెమెరా వెంటే నడుస్తుంది. ఎవరూ వివరించకుండానే ఆ ఊరి లెక్క తెలిసిపోతుంది.

ఇది ఈనాటి మోజు కూడా కాదు. 1972లో వచ్చిన 'బ్లాక్యులా' పేరు వింటే నవ్వొస్తుంది. కథలో మాత్రం మామువాల్డే అనే ఆఫ్రికా రాకుమారుడు బానిస వ్యాపారం ఆపడానికి సాయం చేయమని డ్రాకులా కోటకు వెళ్తాడు. డ్రాకులా అతన్ని కరిచి, తన పేరునే వంకర చేసి తగిలిస్తాడు. మనిషిని పట్టుకుని సొంత పేరు తీసేయడం బానిసల యజమానులు చేసిన పనే కదా. ఆ రాకుమారుడి నేపథ్యం కోసం పట్టుబట్టింది ఆ పాత్ర వేసిన విలియం మార్షలే. ప్రాతినిధ్యమంటే నాకు అర్థమైనది ఇదే. రక్తపిశాచులను వేటాడే నల్లజాతి వీరుడి కథ, 1998 నాటి 'బ్లేడ్' నాకు భలే ఇష్టం, కానీ అందులో కథానాయకుడి రంగు మారినా కథ పెద్దగా మారదు.

మన సంగతికొస్తే, 'కొత్త లోక' పేరుతో తెలుగులోకి వచ్చిన 2025 మలయాళ చిత్రం కేరళ కథల్లో రక్తం తాగే ఆడ దయ్యమైన యక్షి నీలిని ఇదే బెంగళూరుకు తెచ్చి, ఆమెకు ఏం జరిగిందో ఆమె వైపు నుంచి చెప్పింది. చూస్తుంటే మా అనంతపురం ఇంటి తలుపు గుర్తొచ్చింది. 1990ల్లో మా అవ్వ దాని మీద సుద్దముక్కతో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేది. బెంగళూరులోనూ ఆ రోజుల్లో 'నాళె బా' (రేపు రా) అని రాసుకున్నారట, మా ఆఫీసులో కన్నడ మిత్రుడు చెప్పాడు. వాన జల్లుకు అక్షరాలు చెరిగితే అవ్వ మళ్లీ దిద్దేది. ఆ స్త్రీ ఎవరు, ఎలా చచ్చిపోయింది అని అడిగితే మాత్రం, 'నీకెందుకురా, పడుకో' అనేది.